నలభై ఎనిమిది అంకెల కాగితం

మా కింది వాటాలో ఉండే భాయ్‌గారు మొన్న శుక్రవారం ఉదయం కన్నుమూశారు. టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నవారు అలాగే ఒరిగిపోయారట. ఆయన భార్య పైకొచ్చి చెప్పినప్పుడు నేను దీపం వెలిగిస్తున్నాను. వేలు చురుక్కుమనేదాకా అగ్గిపుల్ల వదల్లేదు.

గుణదలలో ఆయన మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఆఖరుకి కంప్యూటర్లు బాగుచేశారు. ఐదుగురిలో పెద్దదాన్ని కాబట్టి నన్ను వీధంతా అక్కా అంటుంది. చెల్లెమ్మా అని పిలిచింది ఆయనొక్కరే. నేను భాయ్‌గారూ అంటే, "భాయ్ అంటేనే అన్న కదా, వెనక గారెందుకు? పెడితే గారెలు పెట్టు" అనేవారు.

ఆయన గురించి రాసే అర్హత నాకు తక్కువ. ఎందుకో చెబుతాను.

మా తమ్ముడు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. ఆరేళ్లు కూర్చుని రాసుకున్న పాఠాలన్నీ లాప్‌టాప్‌లో ఉండేవి. ఎవరూ తెరవకుండా డిస్కుకి తాళం వేసుకున్నాడు. ఎప్పుడైనా మొరాయిస్తే తెరవడానికి నలభై ఎనిమిది అంకెలు. ఇంటర్నెట్‌లో దాస్తే ఎవరైనా చూస్తారని ఒక్క కాగితం మీదే ఉంచి, "అక్కా, జాగ్రత్త" అని నాకిచ్చాడు. ఇంటి పత్రాలన్నీ నా దగ్గరే ఉంటాయి. ముఖ్యమైనది కదా అని నాలుగు మూలలా పసుపు రాసి, పైన శ్రీరామ అని రాసి, మడిచి దేవుడి గూట్లో పెట్టాను.

ఉగాదికి గూడు కడిగాను. పాత పంచాంగం, దేవుడి బొమ్మలున్న శుభలేఖలు, పసుపు మూలల కాగితాలు అన్నీ ఒక సంచిలో వేశాను. దేవుడి పేరున్న కాగితం చెత్తలో వెయ్యకూడదు. దణ్ణం పెట్టుకుని ఏలూరు కాలవలో వదిలాను. విప్పి చూడలేదు.

వానాకాలంలో తమ్ముడు ఏదో అప్‌డేట్ నొక్కాడు. ఆ తర్వాత లాప్‌టాప్ తెరుచుకోలేదు. నీలం తెర వచ్చి, ఆ అంకెలు కొట్టమంది.

"అక్కా, ఆ కాగితం తే."

గూటి ముందు నిలబడగానే నాకు తెలిసిపోయింది. బయటికొచ్చి "చూస్తాను" అన్నాను. తక్కువ మాట్లాడతానని నాకు పేరు. ఆ రోజు అది అక్కరకొచ్చింది.

భాయ్‌గారు నాలుగు మధ్యాహ్నాలు మా వరండాలో కూర్చున్నారు. విప్పిన స్క్రూలన్నీ నా కుంకుమ భరిణె మూతలో పోసుకునేవారు. అప్‌డేట్ వెనక్కి తీయాలని చూశారు. డిస్కు ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించారు. అక్కడా తాళం బొమ్మే.

"డిస్కుకి జబ్బేం లేదు చెల్లెమ్మా. లోపల అంతా క్షేమం. తలుపే తియ్యట్లేదు. మీ తమ్ముడికన్నా మొండిది."

తమ్ముడు నవ్వలేదు.

నాలుగో రోజు వాడు కాలేజీకి వెళ్లినప్పుడు, స్క్రూ బిగిస్తూ, తలెత్తకుండా అన్నారు. "ఆ కాగితం దేవుడి గూట్లో పెట్టావట. మా ఇంట్లో కూడా అల్లా పేరున్న కాగితం చెత్తలో వెయ్యం. పారే నీళ్లలో వదుల్తాం."

నేను మంచినీళ్ల గ్లాసు అక్కడ పెట్టి లోపలికి వెళ్లిపోయాను.

సాయంత్రం వాడితో "నా వల్ల కాలేదు బాబూ" అన్నారు. "ఆ డిస్కు ఇంకెందుకు, పారెయ్యండి" అన్నాడు వాడు. ఆయన జేబులో వేసుకుని దిగిపోయారు.

విప్పి విప్పి చెడగొట్టాడని తమ్ముడు వీధిలో చెప్పాడు, కాలేజీలో చెప్పాడు. విన్నాను. ఆయన గుమ్మంలోకి రిపేరుకొచ్చే కంప్యూటర్లు తగ్గాయి. అదీ చూశాను. రోజూ దీపం పెట్టి, రేపు చెప్పేస్తానని దేవుడితో అనేదాన్ని. ఏడాది గడిచింది. మెట్ల దగ్గర ఎదురైతే ఆయన మాత్రం ఎప్పటిలాగే "చెల్లెమ్మా, మోకాళ్లెలా ఉన్నాయి?" అనేవారు.

శుక్రవారం ఆయన్ని తీసుకెళ్లేముందు తమ్ముడికి చెప్పాను. "ఆ కాగితం కాలవలో కలిపింది నేనురా. ఆయనకి తెలుసు."

"ఏడాదా అక్కా?" అన్నాడు. అంతే. కిందికి దిగి ఆయన్ని మోసేవాళ్లలో భుజం కలిపాడు.

మా వీధివాళ్లు ఇది చదువుతారనే రాస్తున్నాను. ఆయన ఏదీ చెడగొట్టలేదు. ఆయన పేరు చెడుతుంటే ఊరుకున్నది నేను. బతికుండగా చెప్పాల్సిన మాట ఇది.

నిన్న ఆయన భార్య ఒక చిన్న గుడ్డ మూట తెచ్చిచ్చింది. విప్పితే ఆ డిస్కు. రబ్బరు బ్యాండు కింద ఒక చీటీ. పైన 786 అని ఉంది. మేం శ్రీరామ అని రాసే చోట వాళ్లు అది రాసుకుంటారు. కింద ఆయన వంకర తెలుగు: "చెరపొద్దు. చెల్లెమ్మకి కాగితం దొరికితే తెరుద్దాం."

దొరకదని ఆయనకి తెలుసు.

చీటీతో సహా దేవుడి గూట్లో పెట్టాను. ఉదయం దీపం వెలిగిస్తే ముందు కనపడేవి ఆ మూడు అంకెలే.