అమ్మవారి బండిలో చిన్నమ్మ

ఇది మహాకావ్యానికి తగిన కథ. ఇందులో దేవత ఉంది, రథముంది, డప్పులున్నాయి, దారికి అడ్డం నిలిచిన సైన్యముంది. ఇంత చెప్పినాక నిజం కూడా చెప్పాల. దేవత మా చిన్నమ్మ. రథం మేము పెంట తోలుకునే ఎద్దులబండి. సైన్యం పక్కూరి మామలూ బావలూ. యాత్ర మార్కాపురం ఆసుపత్రికి. కావ్యం కోసం వచ్చినవాళ్ళు ఇక్కడే లేచిపోవచ్చు, నేనేమీ అనుకోను.

ఆ ఎండాకాలం కొనకనమిట్ల పక్క పల్లెల్లో గత్తర తగిలింది. మా బడిపుస్తకంలో దాని పేరు కలరా. వాంతులు, విరేచనాలు, పొద్దున నడిచిన మనిషి మాపటికి ఉండడు. మా ఊళ్ళో ఏడుపులు వినపడగానే పెద్దలు పొలిమేర కట్టినారు. కట్టడమంటే గోడ కాదు. దున్నను కోసి, నెత్తురు కలిపిన అన్నం ఊరి చుట్టూ చల్లి, అమ్మవారిని సాగనంపేదాకా లోపలి మనిషి బయటికి పోగూడదు, బయటి మనిషి లోపలికి రాగూడదు అని చాటించడం. ఈ సంగతి గత్తరకు ఎవరన్నా చెప్పినారో లేదో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే మా చిన్నమ్మకు మొదలైంది. చిన్నాయన భార్య. నా ఎకసెక్కాలకు మా ఇంట్లో నవ్వే మనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్ళు చేతికందింది విసిరేవాళ్ళు. ఎండెక్కేసరికి ఆమె కండ్లు గుంటలు పడినాయి, వేళ్ళు ముడతలు పడినాయి. నీళ్ళు, నీళ్ళు అని అడుగుతా ఉంది. ఎవరూ ఇయ్యలేదు. నీళ్ళిస్తే విరేచనాలు పెరుగుతాయని మా ఊరి వైద్యం. అమ్మ మాత్రం తడిగుడ్డ పెదవులకద్ది, ఎవరన్నా చూసినారేమోనని చుట్టూ చూసింది.

“బండి కట్టండి, మార్కాపురం పోదాం,” అన్నాను.

అందరూ తాత వైపు చూసినారు. నాయనకు మామ వరస, ఊరికి పెద్ద. చెడ్డవాడు కాదు. ముందురోజే సొంత మనవరాలిని పూడ్చి వచ్చినాడు.

“కట్టు తెంచితే ఊరంతా పోతదిరా,” అన్నాడు.

“కట్టినాకనే గదా తాతా చిన్నమ్మకు వచ్చింది?”

“నోరు ముయ్యి. నాలుగక్షరాలు నేర్చి అమ్మవారికే పాఠం చెప్తావేంది?”

చిన్నాయన తలగుడ్డ తీసి తాత కాళ్ళముందు పెట్టినాడు. తాత ఆ గుడ్డ తీసి చిన్నాయన చేతిలో పెట్టినాడు.

“మనిషి దాటగూడదు,” అన్నాడు చివరికి. “అమ్మవారు దాటొచ్చు.”

జాతర ముగిసినాక అమ్మవారిని చిన్న బండిలో కూర్చోబెట్టి, డప్పులతో పక్కూరి పొలిమేరలో దించి రావడం మా పక్క ఆచారం. వాళ్ళు ఆ పక్కూరికి తోలతారు. రోగాన్ని మర్యాదగా ఇరుగుపొరుగుకు అప్పజెప్పడమన్నమాట. తాత చెప్పిందేమంటే, ఈసారి సాగనంపడం కొంచెం ముందుగా పెట్టుకుందాం, బండి మీది, అమ్మవారు మీ చిన్నమ్మ. మద్రాసు హైకోర్టులో ఇంతకంటే తెలివైన వకీలు ఉంటాడని నేననుకోను.

చిన్నమ్మ ముఖానికి పసుపు పూసినారు, ఎర్ర చీర కప్పినారు, బండి నిండా వేపమండలు కట్టినారు. మండల నడుమ నించి నన్ను చూసి, “బాగున్నానా?” అనింది. గొంతులో గాలే తప్ప మాట లేదు.

“అమ్మవారికంటే నువ్వే నయం చిన్నమ్మా. కోళ్ళడగవు.”

నవ్వబోయింది. నవ్వడానికి కూడా తడి కావాల. ఆడవాళ్ళు వరసగా వచ్చి ఆమెకు మొక్కినారు, బిడ్డలను కాపాడమని అడిగినారు. మొక్కినవాళ్ళలో ఒక్కరు కూడా చెంబు తేలేదు.

నాయన, చిన్నాయన, నేను బండి వెంట డప్పులతో పొలిమేర దాటినాం. పక్కూరివాళ్ళు డప్పు విని కట్టెలతో దారికడ్డంగా నిలబడినారు.

“ఏంది బావా, మీ అమ్మవారిని మా మీదికి తోలుతారా?”

“అమ్మవారు కాదు,” అన్నాడు చిన్నాయన. “మా ఇంటామె. జబ్బుమనిషి. ఆసుపత్రికి పోతా ఉండాం.”

“అట్లయితే అసలే వద్దు.”

డప్పులవాళ్ళు అక్కడి నించే వెనక్కి పోయినారు. మేము గొర్రెలు పోయే బాట పట్టి, రాళ్ళ మీద, ఊరంతా చుట్టుకొని పోయినాం. బండి ఎగిరినప్పుడల్లా చిన్నమ్మ మూలిగేది. కొంతసేపటికి అది కూడా మానేసింది.

మార్కాపురం చేరేసరికి పొద్దు వాలుతా ఉంది. డాక్టరు వసారాలో నించి వేపమండలు చూసి, “జాతర అవతల చేసుకోండి!” అని అరిచినాడు. దగ్గరికొచ్చి మండలు తొలగించినాక గొంతు తగ్గించినాడు.

“నీళ్ళు తాగించినారా?”

నాయన చేతులు కట్టుకొని, బడిలో బహుమానం అందుకునే పిల్లవాడి మాదిరి, “ఒక్క చుక్క ఇయ్యలేదయ్యా,” అన్నాడు.

డాక్టరు నాయనను తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. కలరా మనిషిని లోపలికి తీసుకోగూడదన్నాడు, లోపల బాలింతలున్నారన్నాడు. దీనికి వేరే షెడ్డు వేయిస్తున్నామని చెయ్యి చూపించినాడు. ఆసుపత్రి వెనక ఖాళీ స్థలంలో గుంజలకు తవ్విన గుంతలు మాత్రం కనపడినాయి. చిన్నమ్మను బండి నీడలోనే పడుకోబెట్టి, ఉప్పునీళ్ళ సీసా తెప్పించి, తనే మోకాళ్ళ మీద కూర్చొని సూదికి నరం వెతికినాడు. ఈ చేతిలో వెతికి, ఆ చేతిలో వెతికి, కాలిలో వెతికినాడు. నరాలన్నీ ఎండి లోపలికి పోయినాయంట.

దీపాలు పెట్టకముందే చిన్నమ్మ పోయింది. ముత్తయిదువుగా పోయిన మనిషికి ముఖాన పసుపు పూస్తారు. మాకు ఆ పని ముందే అయిపోయింది.

చిన్నాయన ఎద్దుల పక్కన కూర్చున్నాడు. నాకు ఏం చెయ్యాల్నో తోచక, కాంపౌండరును పట్టుకొని షెడ్డు ఎందుకు లేవలేదని అడిగినాను.

“వెదుర్లు గిద్దలూరు నించి రావాల,” అన్నాడు. “మొన్న వచ్చినవి సన్నవి. సన్నవి గాలికి ఆగవు. తిప్పి పంపించినాం.”