అల్లం బిళ్లల బాట

రింజానీ అగ్నికొండ మీద దూరాన్ని కిలోమీటర్లలో కొలిచేవాళ్లు కొండ ఎక్కనివాళ్లే. ఎక్కేవాళ్లకు కొలత ఒక్కటే, అమాక్ సుర్నీ సిగరెట్లు. అమాక్ అంటే నాన్న; సుర్నీకి తండ్రి కాబట్టి అందరికీ అమాక్ సుర్నీ. అసలు పేరు అతనికే గుర్తులేదు. ముప్పై ఏళ్లుగా భుజాన కావడి, కాళ్లకు హవాయి చెప్పులు, నోట్లో లవంగం సిగరెట్టు. కొండెక్కే దేశదేశాలవాళ్ల గుడారాలూ బియ్యమూ కోళ్లూ మోసినవాడు. "మొదటి మజిలీ ఎంత దూరం?" అంటే "మూడు సిగరెట్లు" అనేవాడు. మూడో పీక ఆరిన చోట మజిలీ ఉండి తీరేది. కాస్త అటూ ఇటూ అయితే మజిలీయే రెండడుగులు జరిగి వచ్చేదని ఊళ్లో చెప్పుకుంటారు. ఒకసారి కాలు విరిగిన జర్మనీ దొరను కావడికి ఒక పక్క, సమానంగా బంగాళాదుంపలు ఇంకో పక్క వేసి కిందికి దించాడట. దొర కిక్కురుమనలేదట, దుంపలే కుయ్యో మొర్రో అన్నాయట.

మనవరాలు పుట్టిన రోజు సుర్నీ బిడ్డను అతని చేతికివ్వలేదు.

"ముందు ఆ పొగ మానెయ్, అమాక్. నీ దగ్గుకు పసిది జడుసుకుంటోంది."

మానేశాడు. జేబులోకి అల్లం బిళ్లలు వచ్చాయి. సిగరెట్టుకో బిళ్ల, లెక్క మారదనుకున్నాడు.

ఆ వానాకాలంలో కొండచరియ విరిగి పాత దారి మూసుకుపోయింది. ముప్పై ఇళ్ల కావళ్లు మూలకు చేరాయి. అమాక్ సుర్నీ ఒక్కడే అడవిలో తిరిగి తిరిగి కొండ నెత్తినున్న అగ్నిబిలం అంచుకు కొత్త బాట కనిపెట్టాడు. అక్కడ నిలబడితే కింద నీలం సరస్సు, మధ్యలో పొగలు కక్కే పిల్లకొండ. ఆ బాట తెరిస్తేనే ఊరికి పని. తెరవాలా వద్దా చూడడానికి వచ్చిన అటవీ అధికారిణి ఇబూ వినార్తి, అంటే వినార్తి అమ్మగారు, ఒకటే షరతు పెట్టింది: పదింటికి మబ్బు కమ్మేలోపు మామూలు మనిషి పైకి చేరి సరస్సును చూడగలగాలి.

"ఎంత దూరం?"

"పన్నెండు బిళ్లలు, ఇబూ. కొరక్కూడదు, చప్పరించాలి."

ఏడింటికి బయలుదేరారు. పన్నెండో బిళ్ల కరిగేసరికి చుట్టూ నాచు పట్టిన చెట్లే.

"ఏదయ్యా సరస్సు?"

"ఇంకొక్క బిళ్ల."

వెనక కావడి మోస్తున్న డిరా నవ్వు ఆపుకోలేకపోయాడు. "చూసుకోండి ఇబూ, మీకు చిన్న బిళ్లలిచ్చినట్టున్నాడు!"

పద్దెనిమిదో బిళ్లకు పైకి చేరారు. ఎదురుగా తెల్లటి మబ్బు గోడ. సరస్సు లేదు, పిల్లకొండ లేదు, పక్కనున్న డిరా కూడా సగమే ఉన్నాడు. ఆ సగం డిరా గొంతు తగ్గించి సిగరెట్టు అందించబోయాడు.

"వెలిగించు, అమాక్. ఇది ఉన్నప్పుడు నీ లెక్క తప్పిందా? ఆవిడే మెల్లగా నడిచిందని చెప్పేయ్."

అమాక్ సుర్నీ చెయ్యి సగం దాకా వెళ్లింది. చేతికివ్వని పసిబిడ్డ గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేరుగా ఇబూ దగ్గరికి నడిచాడు.

"తప్పు నాదే, ఇబూ. సిగరెట్ల రోజుల్లో దగ్గడానికి ఆగేవాణ్ని, వెనకవాళ్లు అందుకునేవాళ్లు. ఇప్పుడు దగ్గు లేదు. ఈ బాట కొలిచింది నా కొత్త ఊపిరి. అది మామూలు మనుషుల లెక్క కాదు."

"తప్పు ఒప్పుకుంటూ కూడా గొప్పలేనా!" ఇబూ పకపకా నవ్వింది.

"ఒప్పుకున్నాడు కదా, రాసిపెట్టుకోండి ఇబూ," అన్నాడు డిరా. "ఇలాంటిది మళ్లీ దొరకదు."

"రేపు అయిదున్నరకే బయలుదేరదాం. పద్దెనిమిది బిళ్లలు తెండి," అంది ఇబూ.

మర్నాడు ఆఖరి బిళ్ల ఆమె నోట్లో ఉండగానే సరస్సు కనబడింది. ఆమె డిరాను వంగమని, వాడి వీపు మీదే అనుమతి కాగితం పెట్టి సంతకం చేసింది.

ఇప్పుడు బాట మొదట్లో బోర్డుంది: సరస్సు అంచుకు 18 అల్లం బిళ్లలు. అయిదున్నరకే బయలుదేరండి. దాని పక్కన మనవరాలిని చంకనేసుకుని అమాక్ సుర్నీ వచ్చేపోయేవాళ్లకు చెబుతుంటాడు.

"అది మీ లెక్క. నాకు పన్నెండే. ఇదైతే పదకొండులో ఎక్కేస్తుంది."

"దానికింకా పళ్లే రాలేదు, అమాక్!" అని సుర్నీ అరుస్తుంది.

"మరీ మంచిది. కొరుకుతుందన్న భయం లేదు."