నోళ్ళు తెరిచిన చేపలు

మాది కదిరి దగ్గరి పల్లె. ఎనభైలలో, కరువు ఎండాకాలంలో, నీళ్ళకు దిగిన మా అమ్మ చేతిలోని మట్టికడవను ఓబులేసు లాక్కుని పగలగొట్టాడు. ఊరి కుంటలో చేపలు పెంచుకునే హక్కు వేలంపాటలో ఆయనే దక్కించుకున్నాడు.

“చేపలకే చాలడం లేదు, పో!” అన్నాడు.

వారం తిరగకుండానే కుంట నీళ్ళు కాగిపోయాయి. చేపలు పైకి తేలి నోళ్ళు తెరిచాయి. ఆకలేమోనని ఓబులేసు గంపెడు వేరుశనగ చెక్క చల్లాడు.

“ఇంకో గంప ఎయ్యప్పా, పాపం!” అంది అమ్మ గట్టు మీంచి.

“ఉడుకు నీళ్ళకు ఊపిరాడక తెరుస్తాండాయి కదమ్మా? తింటే ఇంకా ఆయాసమొస్తాది” అన్నాను గుసగుసగా.

“నోర్ముయ్.”

ఓబులేసు ఇంకో గంపా చల్లాడు. తెల్లారేసరికి కుంటంతా తెల్లటి పొట్టలే. తల పట్టుకుని కూర్చున్న ఓబులేసు ముందు అమ్మ కొత్త కడవ దించింది.

“ఇప్పుడు ముంచుకోవచ్చునా, ఓబులేసూ?”

ఆ చేపలు గుర్తొస్తే ఈనాటికీ జాలేస్తుంది. ఓబులేసు ముఖం గుర్తొస్తే మాత్రం కడుపు చల్లబడుతుంది.