లేబుల్ కత్తిరించిన బూట్లు

వరద సహాయానికి మా ఆర్మీ దళం అవనిగడ్డ చేరేసరికి ఉదయం పదకొండూ ఇరవై. వాన ఆగలేదు. మూడు లారీలు, రెండు పడవలు, నలభై రెండు మంది మనుషులు, ఒక మోటార్‌సైకిల్. మోటార్‌సైకిల్ నాది. సందేశాలు, మందులు మోసే రైడర్‌ని నేను.

ఒక కాలేజీ వరండాలో సామాను దించాం. మోపిదేవి దాటినప్పటి నుంచి రోడ్డుకి రెండువైపులా నీళ్లే. వరి కనిపించలేదు. కరెంటు లేదు. ఫోన్లు పనిచెయ్యడం లేదు. సుబేదార్ సాబ్ బల్ల మీద పటం పరిచి నన్ను పిలిచారు. మా మాటలు హిందీలో సాగేవి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"నీ సొంతూరు ఎక్కడ?"

"గూడూరు సాబ్. మచిలీపట్నం పక్కన."

"ఇక్కడి దారులు తెలుసా?"

"తెలుసు సాబ్. మా అక్కని కోడూరు ఇచ్చాం. చిన్నప్పటి నుంచీ తిరిగాను."

"అయితే సముద్రం వైపు ఊళ్లన్నీ నీవి. బండి వెళ్లినంత దూరం బండి. ఆపైన కాళ్లు." అప్పుడు నా కాళ్ల వైపు చూశారు. "ఇవి మన స్టోర్ బూట్లు కావే?"

"సొంతవి సాబ్. బండికీ నడకకీ రెండింటికీ పనికొస్తాయి."

"కచ్చితంగా?"

"కచ్చితంగా సాబ్."

ఆ మాట అంత ధైర్యంగా ఎందుకు అన్నానో చెప్పాలి.

పటాలం ఇచ్చే బూటు నడకకి మంచిదే. కానీ రైడర్‌కి ఎడమ బూటు ముందు చనిపోతుంది. గేరు లీవరు రోజుకి వందల సార్లు బొటనవేలి పైన రాసి తోలు చీలుస్తుంది. కుడి మడమ సైలెన్సరు వేడికి ఎండి పగులుతుంది. పోనీ బండి కోసమే తయారుచేసిన బూట్లు వేసుకుంటే, వాటిలో పిక్క దగ్గర గట్టి పలక ఉంటుంది. చీలమండ వంగదు. అర కిలోమీటరు నడిస్తే మడమ బొబ్బలెక్కుతుంది. నాకు రెండింటికీ మధ్యలోది కావాలి. చీలమండ పైదాకా ఎత్తు, ఎడమ బొటనవేలి మీద రెండో పొర తోలు, బురదలో పట్టు ఉండే అడుగు, ఆ అడుగు పైభాగానికి కుట్టి ఉండాలి గాని ఉత్త జిగురుతో అంటించి ఉండకూడదు.

వరదకి ఇరవై రోజుల ముందు సెలవులో ఇంటికి వచ్చి, వీటి కోసం గుడివాడ వెళ్లాను. అక్కడ మా పాత స్టోర్‌మన్ బూట్ల దుకాణం పెట్టాడు. పెన్షన్ తీసుకుని ఇంటికి వచ్చేసిన మనిషి. ఎనిమిదేళ్లు నా బూట్లన్నీ అతని చేతి మీదుగా వచ్చినవే. చుట్టరికం ఏమీ లేదు. ఒకే జిల్లా వాళ్లం కాబట్టి ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం.

అతన్ని ఎందుకు నమ్మానో కూడా చెప్పాలి. ఉత్తరాన మంచు కొండల్లో ఉన్నప్పుడు నాకు కొత్త జత వచ్చింది. అతను ఇవ్వబోతూ ఆగి, అడుగుభాగాన్ని బొటనవేలి గోటితో నొక్కాడు. గోరు దిగిన గుంట తిరిగి పూడలేదు. "ఇది నిలవ సరుకు బావా. పైకి కొత్తగానే ఉంటుంది. లోపల అడుగు చచ్చిపోయింది. తడి తగిలిందంటే పొడి అయిపోద్ది," అన్నాడు. ఆ జత వెనక్కి పంపి, తన సొంత బూట్లు నాకిచ్చాడు. ఆ శీతాకాలమంతా నేను అతని బూట్లలో నడిచాను. గోటి పరీక్ష నాకు నేర్పింది అతనే.

గుడివాడ దుకాణంలో అతను తీసిన జత చూడగానే నచ్చింది. వేసుకుని మెట్లు ఎక్కి దిగాను. బయటికెళ్లి బండి మీద కూర్చుని గేరు కింద వేళ్లు పెట్టి చూశాను. అంతా బాగుంది. లోపలికి వచ్చి ఒకటి విప్పి, అడుగు పైకి తిప్పి గోరు పెట్టబోయాను.

అతను నవ్వుతూ నా చేతిలోంచి బూటు తీసుకున్నాడు.

"నా దగ్గర కూడా పరీక్షేనా బావా? పోయిన నెల వచ్చిన సరుకు."

"ఇవి డ్యూటీకి వేసుకుంటాను బావా. నీళ్లలో, బురదలో తిరగాలి."

"అందుకే ఇవి ఇస్తున్నాను. నీకు పనికిరానివి ఇస్తానా?"

సిగ్గుపడ్డాను. ఇంకేమీ చూడకుండా తెచ్చుకున్నాను.

మొదటి ఐదు రోజులూ బూట్లు బాగానే ఉన్నాయి. రోజుకి తొంభై కిలోమీటర్ల బండి, ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల నడక. నాగాయలంక, కోడూరు, హంసలదీవి. రాత్రి విప్పి పొయ్యికి దూరంగా బోర్లించేవాణ్ణి. వంటవాడు చూసి, "నాకూ ఒక జత తెప్పించు," అన్నాడు. గుడివాడ అడ్రసు చెప్పాను.

ఆరో రోజు. ఉదయం తొమ్మిదీ పావుకి కోడూరు పోస్టు నుంచి వైర్‌లెస్ వచ్చింది. పాలకాయతిప్ప దాటాక ఇసుక మెరక మీద ఇరవై మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. అక్కడ ఒకామెని ఆరు గంటలప్పుడు రక్తపింజరి కరిచింది. ఆమె మరిది నీళ్లలో నడిచి కోడూరు వచ్చి చెప్పాడు. పడవలు రెండూ ఎదురుమొండి వైపు వెళ్లాయి. సాయంత్రానికి గాని రావు.

తొమ్మిదీ ఇరవై ఐదుకి బయల్దేరాం. వెనక నర్సింగ్ అసిస్టెంట్ కూర్చున్నాడు. అతని సంచిలో విషానికి విరుగుడు మందు, సెలైన్, చేతిలో చిన్న వైర్‌లెస్ సెట్టు. పదీ ఐదుకి రోడ్డు తెగిపోయిన చోటికి చేరాం. బండి ఆపి దిగాం. అక్కడి నుంచి రొయ్యల చెరువుల గట్ల మీద ఐదు కిలోమీటర్లు. గంటా పావు నడక. పదకొండూ ఇరవైకి అక్కడ ఉండాలి.

కిలోమీటరున్నర వెళ్లాక కుడి కాలి కింద ఏదో జారింది. బురద అనుకున్నాను. కాలు ఎత్తాను. బూటు అడుగు రాలేదు. వంగి బురదలోంచి తీశాను. చేతిలో నలిగిపోయింది. రబ్బరులా లేదు, తడిసిన పిడకలా ఉంది. వంద గజాలు పోయాక ఎడమదీ ఊడింది.

పైభాగాన్ని కాలికి తాడుతో కట్టుకుందామని చూశాను. గట్టు నిండా విరిగిన గుల్లలు. తాడు రెండు నిమిషాలకే తెగింది. బూట్లు విప్పేశాను. అప్పుడు చూశాను, లోపల, లేసుల కింద ఉండే నాలిక మీద లేబుల్ ఉండాల్సిన చోట నాలుగు దారప్పోగులు. తయారైన నెల, సంవత్సరం ఉండే లేబుల్ అది. చిరిగిపోలేదు. కత్తెరతో తిన్నగా కత్తిరించారు.

"సంచి నాకివ్వు, నేను పరిగెత్తుతా. దారి చెప్పు," అన్నాడు నర్సింగ్ అసిస్టెంట్.

దారి ఎలా చెప్పను? గట్లు సగం మునిగాయి. ఏ గట్టు ఎక్కడ తెగిందో కాలితో తడిమితేనే తెలుస్తుంది. అతనికి తెలుగు రాదు, ఈత రాదు. నేనే ముందు నడవాలి.

వైర్‌లెస్ మోగింది. సుబేదార్ సాబ్ గొంతు.

"రైడర్, ఎక్కడున్నావు? ఓవర్."

"గట్టు మీద సాబ్. బూట్లు ఊడిపోయాయి. ఓవర్."

"మళ్లీ చెప్పు. ఏం ఊడిపోయాయి? ఓవర్."

"బూట్లు సాబ్. రెండూ. ఓవర్."

కాసేపు గరగర. "నడు. ఓవర్."

నడిచాను. మొదటి కోత ఎడమ మడమకి. తరువాత లెక్కపెట్టలేదు. బురద లోతుగా ఉన్నచోట హాయిగా ఉండేది, గుల్లలున్న చోట ఒక్కో అడుగూ చూసుకుని వెయ్యాల్సి వచ్చేది. నర్సింగ్ అసిస్టెంట్ నా వెనకే, తన అడుగులు తగ్గించుకుంటూ. గడియారం చూసుకుంటూనే ఉన్నాడు.

పన్నెండూ యాభైకి చేరాం. గంటన్నర ఆలస్యం.

ఆమె పేరు దుర్గ. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. పాక అరుగు మీద పడుకోబెట్టారు. కాలు మోకాలి దాకా వాచింది. చిగుళ్ల నుంచి రక్తం. నర్సింగ్ అసిస్టెంట్ సూది వేశాడు, సెలైన్ ఎక్కించాడు. ఆమె భర్త సీసా పట్టుకుని నిలబడ్డాడు. సాయంత్రం పడవ వచ్చేవరకు అతను చెయ్యి దించలేదు. ఆమె స్పృహలోనే ఉంది. నా కాళ్ల వైపు చూసి, "ఈ అబ్బాయికేమైందీ? ముందు ఆ రక్తం చూడండి," అంది.

మచిలీపట్నం ఆసుపత్రిలో మూడో రోజు పోయింది. మూత్రపిండాలు దెబ్బతిన్నాయన్నారు. నేను వెళ్లి డాక్టరుగారిని అడిగాను.

"ఒక గంటన్నర ముందు మందు పడుంటే బతికేదాండీ?"

"అప్పటికే ఆలస్యమైందండీ. ఆ గంటన్నరే కారణమని చెప్పలేను," అన్నారాయన. కాదని కూడా చెప్పలేదు.

పన్నెండో రోజు జనరేటర్ సామాను కోసం నన్ను గుడివాడ పంపారు. కాళ్లకి కట్లు, వాటి మీద స్టోర్ బూట్లు. గుడివాడలో ఎండ కాస్తోంది. బజారు మామూలుగా ఉంది. దుకాణంలోకి వెళ్లి, పాత పేపరులో చుట్టిన ఆ జతని బల్ల మీద పెట్టాను.

"రా బావా! టీవీలో మీ వాళ్లని చూపించారు," అంటూ లేచాడు. పొట్లం విప్పగానే ఆగిపోయాడు.

"లేబుల్ ఎవరు కత్తిరించారు బావా?"

అతను తలుపు వైపు చూశాడు, ఎవరైనా వస్తున్నారేమోనని.

"గోదాములో ఐదేళ్లు ఉండిపోయిన సరుకు," అన్నాడు చివరికి. "అన్నీ అలా అయిపోవు. నీకిచ్చినవి బాగానే ఉంటాయనుకున్నాను."

"నాకంటే ముందు ఎవరైనా వెనక్కి తెచ్చారా?"

"ఇద్దరు."

"డ్యూటీకి అని చెప్పాను నీకు."

"చెప్పావు. అందరూ అలాగే చెప్తారు బావా. బండి బూట్లు కొనేవాళ్లలో నడిచేదెవరు చెప్పు? టీ కొట్టు దాకా పోయొస్తారు."

దుర్గ గురించి చెప్పాను. గంటలు, నిమిషాలు అన్నీ చెప్పాను. విని తల దించుకున్నాడు. నిజంగానే బాధపడ్డాడని అనుకున్నాను. తరువాత వెనక అర నుంచి ఒక పెట్టె తీశాడు.

"ఇవి మాత్రం కొత్తవి బావా. కుట్టుడు అడుగు. నువ్వే చూడు," అని బూటు తిప్పి, తన గోటితో గట్టిగా నొక్కి, వేలు తీసి నాకు చూపించాడు. గుంట వెంటనే పూడింది.

కొట్టాలనిపించలేదు. అరవాలనీ అనిపించలేదు. మంచు కొండల్లో నన్ను కాపాడిన చెయ్యి అదే. ఆ చేత్తోనే కత్తెర పట్టాడు. ఈ రెండిటినీ ఒకే మనిషిలో ఎలా ఇమడ్చాలో నాకు ఇప్పటికీ తెలియదు. పెట్టె అక్కడే వదిలేసి వచ్చేశాను. మళ్లీ మాట్లాడలేదు. దళంలోని పాత మిత్రులు అతని యోగక్షేమాలు చెప్పబోతే మాట మారుస్తాను. పాత జ్ఞాపకాల్లో కూడా అతని పక్కన నిలబడలేకపోతున్నాను. మొదటిది ఆ గంటన్నర. అతను నా నుంచి తీసుకున్న రెండోది ఇది.

ఇప్పుడు నేను రిటైరై మచిలీపట్నంలో ఉంటున్నాను. బండ్ల మీద దూరాలు తిరిగే కుర్రాళ్లు, ఏ బూట్లు కొనమంటారు మావయ్యా అని అడుగుతుంటారు. కుట్టు చూడండి, లేబుల్ మీద తేదీ చూడండి, అరగంట వేసుకుని నడవండి, గోటితో నొక్కండి అంటాను. అమ్మేవాడు మీకు ఎంత దగ్గరివాడైనా సరే నొక్కండి అంటాను. ఆ చివరి మాటకి నవ్వుతారు.

ఆ వరదలో, ఇరవై ఒకటో రోజు మా దళం అవనిగడ్డ వదిలింది. మధ్యాహ్నం రెండూ పది. సామానూ నా బండీ లారీల్లోకి ఎక్కించి మేమూ ఎక్కాం. లారీ వెనక తలుపు వేస్తుండగా ఒక మనిషి పరుగెత్తుకుంటూ వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. దుర్గ భర్త. భార్య పెద్దకర్మ అయ్యాక, దొరికిన లారీ ఎక్కి వచ్చాడట.

"ఉండండి బాబూ, ఉండండి," అంటూ పైకి ఒక ప్లాస్టిక్ సంచి అందించాడు. లోపల హవాయి చెప్పుల జత. కొత్తవి. నీలం పట్టీలు.

"ఆ రోజు మా కోసం కాళ్లకి ఏం లేకుండా వచ్చారండీ. మా దుర్గ చెప్పింది నాకు, ఆసుపత్రిలో. ఆ అబ్బాయికి చెప్పులు కొనివ్వమంది."

నిజం, ఆ బూట్ల సంగతి, చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను. లారీ కదిలింది.

సుబేదార్ సాబ్ చూస్తుండగానే బూట్లు విప్పి ఆ చెప్పులు వేసుకున్నాను. నాకు ఒక సైజు చిన్నవి. మడమ బయటికి వచ్చింది.

చల్లపల్లి వైపు మలుపు తిరిగేదాకా అతను రోడ్డు మీదే నిలబడి చెయ్యి ఊపాడు. వాన వెలిసి, ఎండకి తారు పొగలు కక్కుతోంది. అతని కాళ్లకి చెప్పులు లేవు. ఒక పాదం కాలగానే దాన్ని ఎత్తి రెండో పాదం మీద పెట్టుకుంటూ, మళ్లీ మారుస్తూ, చెయ్యి మాత్రం ఆపకుండా ఊపుతూనే ఉన్నాడు.