గట్టు మీది గోంగూర

మా పత్తిచేను గట్టున అమ్మ ఏటా గోంగూర వేసేది. ఎనభైల్లో పత్తి మీద తెల్లదోమ పురుగు విరుచుకుపడిన ఏడు, పురుగుమందులు ఎక్కువైన రోజుల్లో, ఆ కూర తిన్న మధ్యాహ్నమే ఆమెకు వాంతులు పట్టుకున్నాయి. గుంటూరు ఆసుపత్రిలో బతికి బయటపడింది. మళ్ళీ అలాంటిది జరిగితే ఈమె తట్టుకోదని డాక్టరు నాన్నతో చెప్పాడు. అప్పటినుంచి గట్టు మీది కూర ఇంట్లోకి రాలేదు.

ఊళ్ళో పిచ్చుకలు అంతకుముందే పోయాయి. తేనెటీగలు ఎప్పుడు పోయాయో గమనించినవాళ్ళే లేరు. దోమ మాత్రం మందు కొట్టినకొద్దీ పెరిగింది. ఆకు కదిపితే పిండి చల్లినట్టు లేచేది.

చర్చి బడి వరండాలో మీటింగు పెట్టారు. కాలేజీ సెలవులకు వచ్చిన నేను అమ్మ పక్కన కూర్చుని విన్నాను. తప్పెవరిదో తేల్చాలట. కొట్లవాళ్ళు రెండేసి మందులు కలిపి అంటగడుతున్నారన్నాడు వ్యవసాయాధికారి.

"గవర్నమెంటు వద్దన్న సరుకు నేనెప్పుడన్నా అమ్మానా అండి? లైసెన్సు ఇచ్చింది మీరేగా!" అన్నాడు మందుల కొట్టాయన.

రైతులేమో ఎవరికి వాళ్ళు పక్కచేను వైపు వేలు చూపించారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఒకాయన గాలిని కూడా తిట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు నాన్న లేచాడు. "కంపెనీ చేసింది, గవర్నమెంటు ఒప్పుకుంది, నిజమే. పంపు వీపుకి తగిలించుకుంది ఎవర్రా? మనమేగా! అమావాస్య దాకా ఊళ్ళో ఎవరూ కొట్టొద్దు. పురుగుల్ని తినే పురుగులు మళ్ళీ వస్తయ్యేమో చూద్దాం."

ఒక్కొక్క చెయ్యే లేచింది. అమ్మ మొహం చూడాలి ఆ పూట! పెళ్ళయ్యాక నాన్నని అంత మురిపెంగా ఎన్నడూ చూసి ఉండదు.

వారం గడిచింది. ఒక వాన కూడా పడింది. ఒకరోజు నాన్న చీకటితోనే చేనుకెళ్ళి, అటునుంచే టౌనుకి పోయాడు. ఎండెక్కాక అమ్మ గట్టుకి వెళ్ళి ఒడినిండా గోంగూర కోసుకొచ్చింది. వాసన తెలియలేదా అంటే, ఆ నెలల్లో ఊరంతా ఒకటే మందు వాసన. బట్టల్లో, మంచాల్లో, తాగే నీళ్ళలో కూడా అదే. పాతదేదో కొత్తదేదో ఎవరికీ తెలిసేది కాదు.

"మాటంటే మాటే మీ నాన్నది," అంటూ ఆకు కడిగి, మగ్గబెట్టి, ఎండుమిరపకాయలు వేసి రోట్లో నూరింది.

మధ్యాహ్నం నాన్న వచ్చి పీట మీద కూర్చున్నాడు. అమ్మ అన్నం పెట్టి పచ్చడి వేసింది. ఆయన చెయ్యి కంచంలోకి వెళ్ళలేదు.

"ఎక్కడిదీ గోంగూర?"

"మన గట్టుదే. ఎన్నాళ్ళయిందో తిని!"

నాన్న కంచం తోసేసి లేచాడు. నా ముందున్న కంచం కూడా లాగేశాడు. "ఎవరూ ముట్టుకోవద్దు. గొయ్యి తీసి పూడ్చండి, బయట పోస్తే కోళ్ళు తింటయ్."

సంగతి అర్థమై నేను అరిచాను. "మీటింగులో కొట్టొద్దంది నువ్వేగా నాన్నా!"

"తెల్లారకముందే పక్కచేలో పంపు చప్పుడయిందే. నేనొక్కణ్ణే ఊరుకుంటే ఊళ్ళో దోమంతా మన చేలోనే పడుద్ది. పాకలో ఉన్న పంపు తీశాను. ఏం చెయ్యమంటావు?"

అంటూనే అమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు తిన్నావా?"

అమ్మ చేతిలో గరిటె అలాగే ఉంది.

"ఉప్పు చూశాను," అంది. "మొదట చాల్లేదు. మళ్ళీ వేసి చూశాను."