యాంబ్రోస్ కథలో దొంగ

వయోమింగ్ మైదానాల్లో మందలు తోలే ఆ రోజుల్లో యాంబ్రోస్ వంటను మెచ్చుకున్న పాపాన ఎవరూ పోలేదు. చిక్కుడుగింజలు ఉడికేవి కావు, కాఫీ బురదనీళ్లే. అయినా మంద పెద్ద హాస్కిన్ ఏటా ఆయన్నే వంటబండి ఎక్కించేవాడు. ముసలాయన కథ మొదలుపెడితే, పగలంతా దుమ్ము మింగిన రౌతులు చేతిలో పళ్లెం చల్లారిపోతున్నా చూసుకునేవారు కాదు. వాళ్లలా నోళ్లు వెళ్లబెట్టి వింటుంటే ఆయనకు కడుపు నిండిపోయేది.

ఆ వేసవిలో గుర్రాల దొంగ కథ ఎత్తుకున్నాడు. దొంగ పేరు మాత్రం చెప్పడు. పూటకో ఆనవాలు విదిలిస్తాడు. రికాబు పట్టీ తెగితే పచ్చితోలు అల్లి కట్టుకున్నాడట. పళ్లసందులోంచి ఈల వేస్తాడట. ఎడమచేతి చిటికెనవేలు వంకరట.

"వాడెవడో చెప్పి చావవయ్యా!" అని రౌతులు గోలపెడితే, "రేపు" అని గరిటె ఊపేవాడు.

ఆ ఆనవాళ్లు ఎక్కడివో ఆయనకు తెలుసు. పొయ్యికి ఎదురుగా రోజూ కూర్చునే నీల్స్‌వి. స్వీడన్ నుంచి వచ్చినవాడు, నోట్లో నాలుక లేని మనిషి. కళ్లెదుట ఉన్నాడు కదాని కథకు వాడుకున్నాడు.

ఆ మందల్లో ఎవణ్ణయినా మొహం మీద దొంగా అంటే తుపాకులు తీయాల్సిందే. అందుకే అనుమానమున్నవాళ్లు పేరెత్తకుండా కథలా చెప్పి ఊరుకుంటారు. వినేవాళ్లు అర్థం చేసుకుంటారు. ఇది యాంబ్రోస్‌కు తెలియనిదేం కాదు. కథ రుచిలో పడి ఆ సంగతి గాలికొదిలేశాడు.

ఇంతలో హాస్కిన్ ఎర్రగుర్రం నిజంగానే మాయమైంది. మధ్యాహ్నానికల్లా రౌతులు నీల్స్‌ను వంటబండి దగ్గరికి ఈడ్చుకొచ్చారు. చేతులు కట్టేశారు, బూట్లూ నీళ్లతిత్తీ లాగేసుకున్నారు. ఆ ఎండలో నడిపించి వదిలేస్తే మనిషి దక్కడు.

"ముసలాయనా, నువ్వు చెప్తున్నది వీడి గురించేగా?" అన్నాడు హాస్కిన్. "నోరు విప్పక్కర్లేదు, తలాడించు చాలు."

అందరూ ఊపిరి బిగబట్టారు. యాంబ్రోస్ జన్మంతా కోరుకున్న నిశ్శబ్దం అదే. సిగ్గుచేటు, ఆ క్షణంలో కూడా అది ఆయనకు తియ్యగానే ఉంది. ఇంకాస్త సాగనిచ్చాడు. అప్పుడు బూట్లు లేని నీల్స్ పాదాలు కనబడ్డాయి.

"కాదు," అన్నాడు. "దొంగా లేడు, గాడిదగుడ్డూ లేదు. అంతా నేను అల్లిందే. వీడు ఎదురుగా కూర్చున్నాడు, అంతే."

"థూ, నీ బతుకు చెడ! నిండుప్రాణం తీయించేవాడివి గదయ్యా!" అని హాస్కిన్ తనే కట్లు విప్పాడు. పొద్దువాలే వేళకు ఎర్రగుర్రం తెగిన తాడు ఈడ్చుకుంటూ దానంతటదే వచ్చింది. దాన్ని చూసి ఎవరూ నవ్వలేదు.

భోజనాలకు నీల్స్ అందరికన్నా చివర వచ్చాడు. యాంబ్రోస్ తలెత్తలేకపోయాడు. తలకొట్టేసినట్టయి, మంచి మాంసం ముక్క ఏరి పళ్లెంలో పెట్టాడు.

"నా వేలు ఎందుకు వంకరపోయిందో తెలుసా తాతా?" అన్నాడు నీల్స్.

"తెలీదు బాబూ."

"రెండేళ్లుగా చూస్తున్నావు. ఒక్కనాడూ అడగలేదు."

యాంబ్రోస్ గరిటె కింద పెట్టాడు. "పోనీ, ఇప్పుడు చెప్పు," అన్నాడు.

"వద్దులే. రేపు కథలో పెడతావు," అని నీల్స్ పళ్లెం తీసుకుని బండి వెనక్కి వెళ్లిపోయాడు.