అమ్మ వడిసెలను బర్రె పగ్గమన్నరు

మొన్న జనగామల మ్యూజియంకు పోయినం. సాయుధ పోరాటం నాటి సామాన్లు పెట్టిన్రు. జొన్నచేన్ల పిట్టలు కొట్టే వడిసెలతోనే మా అమ్మ రజాకార్ల మీద రాళ్లు రువ్వింది. దాన్ని నేనే ఇచ్చిన. అద్దాల పెట్టెల పెట్టి, కింద చీటీ మీద ‘బర్రె పగ్గం’ అని రాసిన్రని మనుమరాలు చదివి చెప్పింది.

"సారూ, గిది పగ్గం కాదు, వడిసెల" అన్న.

"పెద్ద చదువులోళ్లు రాసిన్రమ్మా" అన్నడు ఆడున్న మ్యూజియం సారు.

మూడుసార్లు చెప్పినా గదే మాట. "వాళ్లెన్నడన్న బర్రెను కట్టేసిన్రా?" అని సారును వాకిట్లకు గుంజుకపోయిన. మనుమరాలి చున్నీల రాయి పెట్టి, గిరగిర తిప్పి, ఒక కొస ఇడిసిన. సారు బండి అద్దం భళ్లున పలిగింది!

సిగ్గుతోని సచ్చిపోయిన. సారు మాత్రం పెన్ను తీసి, "మీ అమ్మ పేరేంది?" అన్నడు.

ఇప్పుడు చీటీ మీద వడిసెలతోపాటు మా అమ్మ పేరుంది. అద్దం పలిగితే గాని నా మాట ఇనకపాయె!